అమ్మమ్మ ‘ఫిరంగి బిళ్ళ’ అనే పాత వెండి నాణెం: దీని అసలు పేరు ఏమిటి, మీద 8 అంకె ఎందుకుంది?

భీమిలి మనవరాలు

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మది భీమునిపట్నం. ఆవిడ పోయాక చెక్కపెట్టె తెరిస్తే జత మెట్టెలు, తెగిన వెండి మొలతాడు, వాటి అడుగున పసుపు గుడ్డలో చుట్టిన పెద్ద వెండి నాణెం కనిపించాయి. నాణేనికి పైభాగాన మాటు పెట్టి చిన్న రింగు అతికించారు. అంటే ఎప్పుడో ఎవరో దీన్ని మెడలో వేసుకున్నారు. నా చిన్నతనంలో అమ్మమ్మ దీన్ని ‘ఫిరంగి బిళ్ళ’ అనేది. మా అమ్మ ‘డాలరు’ అంటుంది. గొలుసుకు వేలాడే బిళ్ళ ఏదైనా మన ఇళ్లలో డాలరే కదా, ఆ మాటతో నాకు ఏమీ తేలలేదు.

భూతద్దం పెట్టి చూసి రాస్తున్నాను. ఒక వైపు ఉంగరాల జుట్టుతో, తలకు ఆకుల దండతో ఒక మగమనిషి ముఖం. చుట్టూ ఇంగ్లిష్ లిపిలో ‘కరోలుస్’, తరువాత నాలుగు నిలువు గీతలు, ‘డేయి గ్రాసియా’, 1793. రెండో వైపు కిరీటం కింద ఒక డాలు, అందులో కోటలు, సింహాలు. డాలుకు అటూ ఇటూ రెండు స్తంభాలు, వాటికి చుట్టిన పట్టీలు. చుట్టూ ‘హిస్పాన్ ఎట్ ఇండ్ రెక్స్’, తరువాత నెత్తిన చిన్న సున్నా ఉన్న ఎమ్, 8 అంకె, పక్కనే ఆర్, చివర ఎఫ్, ఎమ్.

మా తమ్ముడు ‘ఇండ్’ అంటే ఇండియానే, ఇది మన దేశాన్ని ఏలిన ఎవరో దొరది అంటున్నాడు. నాకు నమ్మకం కలగడం లేదు. ఇక్కడి ఒక వెండి దుకాణంలో కాటా మీద పెడితే రింగుతో కలిపి 27 గ్రాములకు కాస్త తక్కువ తూగింది. గీటురాయి మీద గీసి చూసి, వన్నె తొంభైకి దగ్గరగా ఉంది, కరిగించి ఇస్తామన్నారు. కరిగించే ఉద్దేశం నాకు లేదు. దీని పేరు తెలుసుకోవాలని ఉంది. ఆ పేరుకు అర్థం ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవారు చెప్పండి.

హ్యూస్టన్ తెలుగు

ఇది స్పెయిన్ వారి పాత నాణెం. ఇంగ్లిష్‌లో దీని పేరు ‘పీస్ ఆఫ్ ఎయిట్’. చిల్లర కోసం దీన్ని ఉలితో ఎనిమిది ముక్కలుగా కోసేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఒక్కో ముక్కను ‘బిట్’ అనేవారు. ఇక్కడ పాతికేళ్లుగా ఉంటున్నాను, పాతిక సెంట్ల నాణేన్ని ‘టూ బిట్స్’ అనే ముసలివాళ్లను విన్నాను. న్యూయార్క్ స్టాక్ మార్కెట్లో 1997 దాకా షేర్ల ధరలను డాలరులో ఎనిమిదో వంతుల లెక్కన చెప్పేవారు. అది కూడా ఈ నాణెం పోలికే.

నరసాపురం షరాబు

అమ్మా, పేరు సంగతికి ముందు ఒక విన్నపం. దాన్ని చింతపండుతో గాని, పొడితో గాని తోమకండి. ఆ నల్లదనం రెండు వందల ఏళ్లది. రింగు ఊడదీయించకండి. రింగు ఉంటే నాణేలు సేకరించేవారు ధర తగ్గిస్తారు, నిజమే. అయినా మీ ఇంటి చరిత్ర ఆ మాటు దగ్గరే ఉంది. ముప్పై నాలుగేళ్లు వెండి దుకాణంలో కూర్చున్నాను. ఇలాంటి బిళ్ళలు మూసలోకి వెళ్లడం కళ్లారా చూశాను. ఆ వయసులో నాకు తెలియక ఆపలేకపోయాను. మీరు ఆపారు, సంతోషం.

హ్యూస్టన్ సోదరులు చెప్పినదాంట్లో సగం సరైనది. అమెరికా తీరాల్లో, కరీబియన్ దీవుల్లో చిల్లర చాలక నాణేన్ని కోసిన మాట నిజం. కానీ ‘ఎనిమిది’ ముక్కల లెక్క కాదు. కోయక ముందే, టంకశాలలో అచ్చు పడినప్పుడే దాని మీద 8 అని ఉంది కదా! మీ నాణెం మీద 8 పక్కన ఉన్న ఆర్ ‘రెయాల్’ అనే మాటకు తొలి అక్షరం. ఎనిమిది రెయాళ్లు. స్పెయిన్ వారు దీన్ని ‘రెయాల్ దె ఆ ఓచో’ అన్నారు. ఓచో అంటే ఎనిమిది. ‘ఎనిమిదేసి రెయాళ్ల బిళ్ళ’ అని మన మాటలో చెప్పుకోవచ్చు. ఇవే రెయాళ్లు నాలుగు, రెండు, ఒకటి విలువ గల నాణేలు, అర రెయాల్ కూడా ఉండేవి. మనం రెండణాల బిళ్ళ, నాలుగణాల బిళ్ళ అని ఎలా అన్నామో ఇదీ అలాంటి పేరే. ఇంగ్లిష్ మాటలోని ‘పీస్’ అంటే నాణెం అని అర్థం, ముక్క అని కాదు. పొరపాటంతా అక్కడే వస్తోంది.

మన పెద్దలు వాడిన ‘బేడ’ గుర్తుందా? రెండణాలు, అంటే రూపాయిలో ఎనిమిదో వంతు. అమెరికా వారి ‘బిట్’ డాలరులో ఎనిమిదో వంతు. వారి ‘టూ బిట్స్’ మన పావలా. సంబంధం ఏదీ లేకుండానే రెండు దేశాల బజార్లు పెద్ద నాణేన్ని సగం, సగంలో సగం, దానిలో సగం చేసుకుంటూ వెళ్లాయి. చదువు లేని మనిషి కూడా చేయగల లెక్క అది.

ఇక ‘రెయాల్’. ఆ మాటకు ‘రాచది’ అని అర్థం. లాటిన్‌లో రాజు రెక్స్, రాజుకు చెందినది రెగాలిస్, దాని నుంచే రెయాల్. మీ నాణెం మీద ఉన్న ‘రెక్స్’, ఆర్ అక్షరం వెనుక ఉన్న ‘రెయాల్’ ఒకే ఇంటి మాటలు. పద్నాలుగో శతాబ్దంలో, ఇప్పటి స్పెయిన్‌లో భాగమైన కాస్టీల్ రాజ్యపు రాజు మొదటి పేద్రో కాలంలో ఈ పేరుతో వెండి నాణెం మొదలైంది. దానికి గట్టి కొలత పెట్టినది తరువాత స్పెయిన్‌ను ఏలిన ఇసబెల్లా, ఫెర్డినాండ్ దంపతులు. 1497లో మెదీనా దెల్ కాంపో అనే ఊరి నుంచి ఒక శాసనం వెలువరించారు. ఒక మార్కు వెండికి, అంటే సుమారు 230 గ్రాములకు 67 రెయాళ్లు కొట్టాలి, ఒక్కో రెయాల్ 34 మరవేదీలకు సమానం. లెక్క వేస్తే ఎనిమిది రెయాళ్ల బిళ్ళ 27 గ్రాముల 47 సెంటీగ్రాములు. తరువాత 1728లో మార్కుకు 68 రెయాళ్లు చేశారు, బిళ్ళ 27 గ్రాముల 6 సెంటీగ్రాములకు దిగింది. మీది ఈ రెండో లెక్కలోది. రింగు బరువు కలిసినా అంతకు తక్కువే తూగిందంటే చాలా చేతులు మారి అరిగిందన్నమాట.

‘మరవేదీ’ దగ్గర ఒక్క క్షణం ఆగాలనిపిస్తోంది. ఆఫ్రికా నుంచి వచ్చి దక్షిణ స్పెయిన్‌ను ఏలిన అల్ మురాబిత్ వంశం వారి బంగారు నాణెం నుంచి ఆ మాట పుట్టింది. అంటే స్పెయిన్ రాణి తన రాచ నాణేన్ని కొలిచిన చిల్లర పేరు అరబ్బీది.

దీనికి ఇంకో పేరు ‘పెసో’. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేరు ఇదే, ఎందుకంటే పెసో అంటే తూకం. మొదటి రెండు శతాబ్దాల్లో అమెరికా ఖండపు టంకశాలల్లో వెండి కడ్డీని ముక్కలుగా నరికి, సుత్తితో కొట్టి అచ్చు వేసేవారు. బరువు సరిపోయే దాకా అంచులు కత్తిరించేవారు. అందుకే ఆ నాణేలు వంకరటింకరగా, ఏ రెండూ ఒకలా లేకుండా ఉంటాయి. వాటిని ‘మకుకీనా’ అనేవారు. అలాంటి నాణేన్ని చూసి ఎవరు నమ్ముతారు? కాటాలో వేస్తేనే నమ్మకం. మన దగ్గర ‘రూపాయి ఎత్తు బంగారం’ అన్నప్పుడు రూపాయి నాణెం తులానికి కొలత అయింది. వారి దగ్గర కొలతే నాణేనికి పేరైంది. తిరగేసిన దారి, అంతే. గుండ్రంగా, అంచుకు నగిషీతో యంత్రం మీద కొట్టిన నాణేలు మెక్సికోలో 1732లో మొదలయ్యాయి. అప్పటికే పెసో అనే పేరు జనం నోట స్థిరపడింది, పోలేదు.

మీ తమ్ముడి సందేహానికి జవాబు. ‘ఇండ్’ అంటే ‘ఇండియారుమ్’. ఒక ఇండియా కాదు, బహువచనం. ‘స్పెయిన్‌కు, ఇండియాలకు రాజు’ అని ఆ వాక్యం. కొలంబస్ 1492లో కరీబియన్ దీవులు చేరి, తూర్పు దేశాలకు వచ్చేశాననుకున్నాడు. పొరపాటు బయటపడ్డాక కూడా స్పెయిన్ వారు అమెరికా రాజ్యాలను ‘ఇండియాలు’ అనే పిలిచారు. మీ నాణెం మీది రాజు నాలుగో కార్లోస్, లాటిన్‌లో కరోలుస్. నాలుగు నిలువు గీతలు ఆ నాలుగు. నెత్తిన సున్నా ఉన్న ఎమ్ మెక్సికో నగరపు టంకశాల గుర్తు. చివరి ఎఫ్, ఎమ్ వెండి వన్నె పరీక్షించిన ఇద్దరు అధికారుల పేర్ల పొడి అక్షరాలు. వన్నె తప్పితే వారి తల మీదికి వస్తుంది, అందుకే పేరు వేయించేవారు.

స్తంభాలు హెర్క్యులిస్ స్తంభాలు. మధ్యధరా సముద్రం అట్లాంటిక్‌లో కలిసే జిబ్రాల్టర్ దగ్గరి రెండు కొండలకు పాతకాలపు పేరు అది. ఆ కొండలు దాటితే ఇక లోకం లేదని నమ్మేవారు. పదహారో శతాబ్దంలో స్పెయిన్‌నూ ఏలిన చక్రవర్తి ఐదో చార్లెస్ (స్పెయిన్ వారి లెక్కలో మొదటి కార్లోస్) ‘ప్లస్ అల్ట్రా’, అంటే ‘ఇంకా ఆవలికి’ అనే మాటను తన బిరుదు వాక్యం చేసుకున్నాడు. మీ నాణెం పట్టీల మీద భూతద్దంతో వెతకండి, అరిగిపోకపోతే ఆ అక్షరాలు కనిపిస్తాయి.

మీ అమ్మగారు అన్న ‘డాలరు’ కూడా తప్పు కాదు! ఇంగ్లిష్ వారు దీన్ని స్పానిష్ డాలర్ అనే పిలిచారు. ఆ మాట పుట్టినది ఇప్పటి చెక్ దేశంలోని యాఖిమోవ్ అనే కొండ ఊళ్లో. జర్మన్‌లో ఆ ఊరు యోఆకిమ్స్‌థాల్, యోఆకిమ్ లోయ. 1520 ప్రాంతంలో అక్కడి వెండితో కొట్టిన పెద్ద నాణేలు యోఆకిమ్స్‌థాలర్లు అయ్యాయి. అవి జనం నోట థాలర్లు, డచ్చి వారి నోట డాల్డర్లు, ఇంగ్లిష్ వారికి వచ్చేసరికి డాలర్లు అయ్యాయి. థాల్ అంటే లోయ. మన ఆడవాళ్ల మెడలోని డాలరు మాటకు అర్థం ‘లోయలోది’ అని. అదే యాఖిమోవ్ గనుల ఖనిజం నుంచి తరువాత మేరీ క్యూరీ రేడియం తీసింది.

‘ఫిరంగి బిళ్ళ’ మాత్రం నేను మొదటిసారి వింటున్నాను. ఫిరంగి అంటే పరదేశీ, ఐరోపా వాడు అనే పాత అర్థంలో అన్నారనుకుంటాను.

మస్కట్ ప్రవాసి

నేను జగిత్యాల దగ్గరి వాడిని, మస్కట్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. షరాబు గారి మాట చదివి నా జీతం చీటీ తీసి చూసుకున్నాను. ఒమన్‌లో రియాల్, సౌదీలో రియాల్, ఖతర్‌లో రియాల్, యెమెన్‌లో రియాల్, ఇరాన్‌లో రియాల్. ఇవన్నీ ఆ స్పెయిన్ వారి ‘రాచది’యేనా?

ఫిరంగి గురించి నాకు తెలిసిన రెండు సంగతులు. ఇక్కడి మత్రా బజారులో పాత వెండి అమ్మే ఒక పెద్దాయన ఉన్నారు. ఆస్ట్రియా రాణి మరియా తెరీసా బొమ్మ ఉన్న వెండి థాలర్లు ఆయన దగ్గర రాశులుగా ఉంటాయి. వాటిని ఇక్కడ ‘ఫ్రాన్సీ’ అంటారు. ఫ్రాంకులది, అంటే ఐరోపా వారిది అని అర్థం. షరాబు గారు చెప్పిన ఫిరంగి అర్థమే ఇది.

కానీ ఆయనే ఇంకో సంగతి చెప్పారు. రెండు స్తంభాలున్న స్పెయిన్ నాణేన్ని అరబ్బులు ‘అబూ మిద్ఫా’ అనేవారట. మిద్ఫా అంటే తోపు, అంటే మన ఫిరంగి. అబూ అంటే తండ్రి, ఏదైనా ఒక గుర్తు ఉన్నదాన్ని పిలవడానికి కూడా వాడతారు. గడ్డం ఉన్నవాణ్ణి గడ్డం తండ్రి అన్నట్టు. ఆ స్తంభాలు వారి కంటికి నిలబెట్టిన ఫిరంగుల్లా కనిపించాయి. మీ అమ్మమ్మ గారు ఏ ఫిరంగి అన్నారో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

భీమిలి మనవరాలు

చదువుతుంటే ఒళ్లు జలదరించింది. అందరికీ కృతజ్ఞతలు. పట్టీ మీద ‘ప్లస్’ కనిపించింది, రెండో పట్టీ పూర్తిగా అరిగింది. అంచు చూశాను, గుండ్రం, దాని పక్కన పొడుగు గడి, మళ్లీ గుండ్రం, మళ్లీ గడి, ఇలా చుట్టూ ఉంది.

మూడు సందేహాలు. రాజు చెంప మీద, మెడ దగ్గర చిన్న చిన్న గుచ్చిన గుర్తులున్నాయి. ఒకటి నెలవంకలా, ఒకటి పువ్వులా ఉంది. ఎవరైనా పాడుచేశారా? రెండోది, మెక్సికోలో పుట్టిన నాణెం భీమిలి ఎలా చేరుతుంది? మూడోది, మా అమ్మాయి అడిగింది, డాలర్ గుర్తులోని నిలువు గీతలు ఈ స్తంభాలేనా అని.

పెద్దమ్మకు ఎనభై నాలుగేళ్లు, విజయనగరంలో ఉంటుంది. ఆదివారం వెళ్లి అడుగుతాను.

హ్యూస్టన్ తెలుగు

షరాబు గారు దిద్దినందుకు కృతజ్ఞతలు, ముక్కల కథను ఇన్నాళ్లూ నేను చాలామందికి చెప్పాను. మీ అమ్మాయి ప్రశ్నకు నేను జవాబిస్తాను. స్తంభాలు, పట్టీ కలిసి ఆ గుర్తు అయిందని ఇక్కడ చాలామంది చెబుతారు, చూడ్డానికి పోలిక కూడా బాగుంది. కానీ పాత చేతిరాత ఖాతాలు వేరే సంగతి చెబుతున్నాయి. గణిత చిహ్నాల చరిత్ర రాసిన ఫ్లోరియన్ కజోరి ఆ కాగితాలు తిరగేసి చూశాడు. వర్తకులు ‘పెసోలు’ అని పూర్తిగా రాయకుండా పి, ఎస్ అని రెండు అక్షరాలే వేసేవారు. తొందరలో ఎస్ వెళ్లి పి మీద ఎక్కింది, పి గుండ్రం కరిగిపోయి నిలువు గీత మిగిలింది. 1770ల నాటి ఉత్తరాల్లో ఆ మార్పు కనిపిస్తుంది. అంటే అమెరికా డాలర్ గుర్తు నిజానికి పెసో గుర్తే. 1792లో అమెరికా తన డాలరును స్పెయిన్ నాణెం వెండి చూసుకునే నిర్ణయించింది. 1857 దాకా స్పెయిన్ డాలరు ఇక్కడ చట్టబద్ధంగా చెల్లింది.

నరసాపురం షరాబు

మస్కట్ సోదరా, అవును. మీ జీతం చీటీ మీద ఉన్నది ఆ మాటే. అరబ్బీ మురాబిత్ స్పెయిన్‌కు వెళ్లి మరవేదీ అయింది, స్పెయిన్ రెయాల్ అరబ్బుల దగ్గరికి వచ్చి రియాల్ అయింది.

అమ్మా, మీ నాణేన్ని ఎవరూ పాడుచేయలేదు. అంచు మీద గుండ్రం, గడి వరుసగా ఉన్నాయంటే అసలైన నాణేనికి ఉండవలసిన అంచే. అంచు నునుపుగా ఉంటేనో, ముఖాన్ని చుట్టి అతుకు గీత కనిపిస్తేనో భయపడాలి. ఆ గుచ్చిన గుర్తులు షరాబులవి. నాణెం చేతికి వచ్చినప్పుడు లోపల రాగి పెట్టి పైన వెండి తొడిగారేమోనని చిన్న ఉలితో పొడిచి చూసి, ‘నేను చూశాను, మంచిది’ అని తన గుర్తు వేసేవాడు షరాబు. మా తాతగారి పని అదే, నా పేరు అందుకే అలా పెట్టుకున్నాను. షరాబు అనే మాట అరబ్బీ ‘సర్రాఫ్’ నుంచి వచ్చింది. ఇంగ్లిష్ వారు మన దగ్గర విని ‘ష్రాఫ్’ అని చీనా దాకా తీసుకెళ్లారు, హాంకాంగ్‌లో డబ్బు కట్టే గవాక్షం మీద ఈనాటికీ ఆ మాట రాసి ఉంటుంది. చీనా షరాబుల గుర్తులు కొంచెం పెద్దవి, వారి లిపిలో అక్షరాలు ఉంటాయి. మీవి నెలవంక, పువ్వు అంటున్నారు. పాత సూరతు, ఆర్కాటు రూపాయల మీద నేను చూసిన గుర్తుల తీరు అలాగే ఉంటుంది.

చీనా వారు మీ నాణేన్ని ఏమన్నారో తెలుసా? ‘బుద్ధుడి తల’. రాజు ఉంగరాల జుట్టు, నిండు చెంపలు చూసి అలా పిలిచారు. ఆ గుండ్రని బిళ్ళకు వారు వాడిన ‘యువాన్’ మాటకు అర్థం గుండ్రనిది అని. ఇప్పటి చీనా డబ్బు పేరు అదే. జపాన్ వారి యెన్, కొరియా వారి వోన్ అదే అక్షరం నుంచి వచ్చాయి.

మన తీరానికి ఎలా వచ్చిందన్న ప్రశ్న నాకు చాలా ముఖ్యమైనది. ఐరోపా వారికి మన బట్ట కావాలి. వారి ఉన్ని మనకు అక్కరలేదు. ఇవ్వడానికి వారి దగ్గర ఉన్నది వెండి ఒక్కటే, ఆ వెండి స్పెయిన్ వారి అమెరికా గనుల నుంచి వచ్చేది. డచ్చి వారు, 1611 నుంచి ఇంగ్లిష్ వారు బందరులో దిగినప్పుడు పెట్టెల్లో తెచ్చినది ఈ ఎనిమిది రెయాళ్ల నాణేలనే. అంతకు ముందే ఎలిజబెత్ రాణి తన రాచచిహ్నాల ముద్రతో, సరిగ్గా ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి రెయాళ్ల తూకంలోనే ఈస్టిండియా కంపెనీ కోసం నాణేలు కొట్టించింది. తూర్పు దేశాల వర్తకులు వాటిని తీసుకోలేదు. వారికి తెలిసిన నాణెం స్పెయిన్‌ది. రాణి ముద్ర కన్నా అలవాటైన వన్నె మీదే వారికి నమ్మకం.

ఇంకో దారి మనీలా. 1565 నుంచి 1815 దాకా మెక్సికోలోని అకపుల్కో రేవు నుంచి స్పెయిన్ ఓడలు పసిఫిక్ దాటి మనీలాకు వెండి మోశాయి. మద్రాసు నుంచి కోరమాండల్ బట్టలు మనీలా వెళ్లేవి, ఈ డాలర్లు తిరిగి వచ్చేవి. ఆ వర్తకంలో గడించిన డబ్బుతోనే ఆర్మేనియా వర్తకుడు పేత్రుస్ ఉస్కాన్ మద్రాసులో అడయారు నది మీద వంతెన కట్టించాడు. ఇక్కడ దిగిన డాలర్లలో ఎక్కువ భాగం టంకశాలలో కరిగి రూపాయలైపోయేవి. మీది తప్పించుకుంది.

మద్రాసులో ఎన్ని డాలర్లు పోగుపడేవో తెలియడానికి ఒక్క ఉదాహరణ. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో చిల్లర డబ్బు లేక గవర్నర్ మక్వారీ అల్లాడుతుంటే, 1812లో సమరాంగ్ అనే ఓడలో 40,000 స్పెయిన్ డాలర్లు వెళ్లాయి. బయలుదేరింది మద్రాసు నుంచే. అవి మళ్లీ ఓడలెక్కి బయటికి పోకుండా మక్వారీ ఒక ఉపాయం చేశాడు. దొంగ నాణేల నేరానికి శిక్షపడి అక్కడికి చేరిన విలియం హెన్షాల్ చేత ప్రతి నాణెం నడుమ తొలిపించాడు. బయటి కంకణం ఐదు షిల్లింగులు, లోపలి బిళ్ళ పదిహేను పెన్నీలు. ఆస్ట్రేలియా తొలి నాణేలు ఇవే. మీ నాణేనికి తోబుట్టువులు కొన్ని కడుపులో రంధ్రంతో అక్కడి మ్యూజియాల్లో ఉన్నాయి.

వన్నె మాట కూడా చెప్పాలి, మా వృత్తి ధర్మం. మీ దుకాణంవారు చెప్పింది సరైనదే. 1772లో ఒకసారి, 1786లో ఇంకోసారి స్పెయిన్ రాజు చప్పుడు లేకుండా వెండి పాలు తగ్గించాడు. 1772కు ముందు నూటికి దాదాపు తొంభై రెండు ఉన్నది మీ నాణెం నాటికి తొంభైకి కాస్త దిగువకు వచ్చింది. మీద 8 అలాగే ఉంది, ఆర్ అలాగే ఉంది.

ఇంతకన్నా ఘోరం పొటోసిలో జరిగింది. ఇప్పటి బొలీవియాలో ఉన్న ఆ కొండలో 1545లో వెండి బయటపడింది. స్పానిష్‌లో గొప్ప విలువ గలదాన్ని నేటికీ ‘ఒక పొటోసి విలువ’ అంటారు. అక్కడి టంకశాలలో రాగి కలిపి నాణేలు కొట్టారని 1649లో తేలింది, ఆ మోసానికి గోమెజ్ దె లా రోచా అనే వెండి వర్తకుడికి 1650లో మరణశిక్ష అమలు చేశారు. ఆ తరువాత చాలాకాలం ‘పెరూ నాణెం’ అంటే వర్తకులు చేయి వెనక్కి తీసుకునేవారు. కానీ నాకు బాధ కలిగించేది ఆ రాగి కాదు. చుట్టుపక్కల ఊళ్ల మగవాళ్లలో ఏడుగురికి ఒకరిని ఏటా వంతు వేసి ఆ గనిలోకి పంపేవారు. ‘మీతా’ అనేవారు ఆ వెట్టిని. కొండ లోపల మెట్ల నిచ్చెనలు, బయట ఖనిజంలో పాదరసం కలిపి కాళ్లతో తొక్కడం. ఆ వెండి మీద ‘రాచది’ అని పేరు పడింది. మీ నాణెం మెక్సికోది, పొటోసిది కాదు. అక్కడ జీతానికి పనిచేసినవారు ఎక్కువే ఉన్నా, మెక్సికో గనుల్లోనూ పాదరసం పాదరసమే. వెండి పని చేసి బతికిన మనిషిని కాబట్టి ఈ మాట రాయకుండా ఉండలేను.

పెద్దమ్మ గారు ఏమన్నారో తప్పకుండా రాయండి. ఎదురుచూస్తాను.

భీమిలి మనవరాలు

ఆదివారం విజయనగరం వెళ్లి వచ్చాను. పెద్దమ్మకు చూపు బాగా తగ్గింది. నాణెం చేతిలో పెట్టగానే రింగు తడిమి, “మా అమ్మ బిళ్ళ” అంది. అది వాళ్ల నాయనమ్మ మెడలో ఉండేదట, నల్లపూసల పక్కన. ఎవరు తెచ్చారో ఆవిడకూ చెప్పలేదు. “ఫిరంగి బిళ్ళ అని ఎందుకనేవారు పెద్దమ్మా, దొరలదనా?” అని అడిగాను.

“దొరలెవరే?” అంది. నాణేన్ని రెండో వైపు తిప్పి, బొటనవేలితో డాలుకు ఎడమ పక్కన ఒకసారి, కుడి పక్కన ఒకసారి రాసింది. “ఇదిగో ఒకటి, ఇదిగో ఒకటి. కోట గుమ్మం ముందు ఫిరంగులు కనపడటం లేదూ?”

మస్కట్ సోదరుడు ఆ బజారు పెద్దాయనకు ఈ సంగతి చెప్పాలి.